కలివిడి పథకంలో ఒక విడి పిల్ల

ఇందుమూలంగా తల్లిదండ్రులందరికీ తెలియజేయడమేమనగా, మా బడి తలుపులు ఇకపై ఆటిజం ఉన్న పిల్లలకు కూడా తెరిచే ఉంటాయి. లోపలికి వచ్చే విషయం మాత్రం వెనక పేజీలో చూడగలరు.

టైలరమ్మ ఆ కాగితాన్ని కుట్టుమిషను మీద పరుచుకుని రెండుసార్లు చదివింది. పథకం పేరు 'కలివిడి'. ఆమె కూతురికి ఎనిమిదేళ్ళు. అడక్కపోయినా టైము సెకన్లతో సహా చెబుతుంది కనుక వీధి వీధంతా 'గడియారం' అని పిలుస్తుంది. ఆ పిల్లకు వీధి చివరి బడిలో, నలుగురి మధ్య, ఒక్క సీటు దొరికితే చాలు. టైలరమ్మకు వేరే కోరికలు లేవు.

వెనక పేజీలో పన్నెండు నియమాలున్నాయి. చేరబోయే పిల్లలు ఎదుటివారి కళ్ళలోకి చూడవలెను. గంట మోగినప్పుడు చెవులు మూసుకోరాదు. అడిగిందే మళ్ళీ అడగరాదు. ఎంత సంతోషం వచ్చినా చేతులు ఊపరాదు. ఊపినచో సీటు రద్దు. క్లుప్తంగా చెప్పాలంటే, ఆటిజం ఉన్న పిల్లలు దాన్ని ఇంటి దగ్గర వదిలేసి వస్తే, ఆటిజం ఉన్న పిల్లల కింద చేర్చుకుంటారు. ఇంతకంటే పెద్ద మనసు ఎక్కడుంటుంది?

"మా పిల్లని సిద్ధం చేస్తాను, సరే. మరి మీరేం సిద్ధమయ్యారు సార్?" అని బడికెళ్ళి హెడ్మాస్టరును అడిగింది టైలరమ్మ.

హెడ్మాస్టరు నొచ్చుకున్నారు. "ఎంత మాటమ్మా! బ్యానరు ఎప్పుడో వచ్చేసింది."

"ఆ గంట కాస్త మెల్లగా కొట్టిస్తే..."

"గంట బడిది, చెవి మీ అమ్మాయిది. ఎవరి వస్తువు వాళ్ళు సర్దుకోవాలి."

ఆటిజం అంటే ఆటల మీద మమకారమని నమ్మిన డ్రిల్లు మాస్టారు మాత్రం ఆ పిల్ల కోసం కొత్త బంతి తెప్పించారు. సిబ్బంది మొత్తంలో సిద్ధపడిన మనిషి ఆయనొక్కడే.

సీటు ఇచ్చే ముందు ఆరు వారాల శిక్షణ మొదలైంది. మనిషి కొలతలు తీసి బట్ట కత్తిరించడమే తెలిసిన టైలరమ్మ, బట్టకు సరిపోయేలా మనిషిని కత్తిరించడం మొదటిసారి నేర్చుకుంది. సంతోషం రాగానే పిల్ల చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. నాలుగో వారానికి సంతోషం రావడమే మానేసింది. ప్రగతి సంతృప్తికరమని బడి డైరీలో రాశారు.

కళ్ళలోకి చూసే దగ్గరే చిన్న చిక్కు వచ్చింది. "సారూ, మీ ఎడమ కంట్లో ఏడు ఎర్రగీతలున్నాయి. నిన్న ఐదే" అంది పిల్ల. హెడ్మాస్టరు ఆ రోజు నుంచి నల్లద్దాలు పెట్టుకున్నారు. పదమూడో నియమం చేరింది: చూడవలెను గాని, ఏమీ కనిపించరాదు.

తనిఖీ రోజున గడియారాన్ని నలభై మంది మధ్య కూర్చోబెట్టారు. అధికారి తరగతంతా కలయజూశారు. "ఇందులో ప్రత్యేక బాలిక ఎవరండీ?"

చూస్తే ఎవరో తెలియలేదు. అందరూ బొమ్మల్లా కూర్చున్నారు.

"కనిపించకపోతే పథకం అమలైందని ఎలా రాయను?"

హెడ్మాస్టరు గబగబా గడియారం దగ్గరికి వెళ్ళారు. బెంచీ మీదికి వంగి, "తల్లీ, ఒక్కసారి చేతులు ఊపమ్మా! మా బంగారం కదూ!" అన్నారు.

"ఊపితే సీటు రద్దు సారూ. మీరే రాశారు" అంది పిల్ల.

కానీ పొద్దుట్నుంచీ కదలకుండా కూర్చుని ప్రాణం విసిగిన మిగతా నలభై మందికీ 'సీటు రద్దు' అన్న మాట వరంలా వినబడింది. నలభై జతల చేతులు గాలిలో ఎగిరాయి. అధికారి మురిసిపోయి లెక్కపెట్టుకున్నారు. నివేదిక అక్కడికక్కడే తయారైంది: "నలభై మంది ప్రత్యేక బాలలు చక్కగా కలిసిపోయారు. ఒక బాలిక మాత్రం తోటివారితో కలవక విడిగా ఉన్నది. ఆమెను ఇంటి వద్దనే మరికొంత సిద్ధం చేయవలెను."

ఆ విధంగా పథకాన్ని ప్రవేశపెట్టారు, పిల్లను బయటపెట్టారు.

టైలరమ్మ పరుగున వచ్చింది. "సార్, మీరు చెప్పినట్టే కదా చేసింది!"

"అదేనమ్మా సమస్య" అన్నారు హెడ్మాస్టరు జాలిగా. "మరీ చెప్పినట్టు చేస్తుంది."

ఆదివారం బడికి సన్మానం జరిగింది. "మా దగ్గర తేడా అన్న మాటే లేదు!" అన్నారు హెడ్మాస్టరు శాలువా సవరించుకుంటూ. మనమందరం ఉన్నాం కదా ఆ సభలో! లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాం. వెనక వరసలో గడియారం తల్లి చెయ్యి పట్టి లాగింది.

"అమ్మా, ఇంతమంది చేతులు ఊపుతున్నారే... వీళ్ళ సీట్లు పోవా?"