గోడకి ఒక్కటే మేకు

మాజీ ఎమ్మెల్యే బాపయ్య ఆ ఉదయం చేయదలచుకున్న పనులు మూడే. తలకి రంగు వేసుకోవడం, ఇస్త్రీ చేసిన తెల్ల ఖద్దరు కట్టుకోవడం, ఒంగోలు నుంచి వచ్చే పార్టీ పరిశీలకుడి ముందు వినయంగా కూర్చోవడం. మూడోది కాస్త కష్టమైనది కనుక, పెరట్లో కుర్చీ వేయించుకుని మొదటి దానితో ప్రారంభించాడు.

పరిశీలకుడు వస్తున్నది టికెట్ సంగతి తేల్చడానికి. తూమాటిపాడు నియోజకవర్గంలో పార్టీ టికెట్ అడుగుతున్నవాళ్లు ఇద్దరు. ఒకరు బాపయ్య. రెండోవాడు గ్రానైట్ క్వారీల యజమాని లక్ష్మీకాంత్. లక్ష్మీకాంత్‌కి కార్లున్నాయి, వయసుంది. బాపయ్యకి చరిత్ర ఉంది. ఈసారి టికెట్ రాకపోతే ఆ చరిత్ర అక్కడితో ఆగిపోతుందని ఆయనకి తెలుసు.

సర్పంచిగా మొదలైన ఆ చరిత్రలో అసెంబ్లీకి అయిదు పోటీలున్నాయి. మొదటిసారి స్వతంత్రుడిగా బకెట్ గుర్తు మీద నిలబడ్డాడు. పంచిన బకెట్లన్ని ఓట్లు కూడా రాలేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. రెండోసారి గెలిచాడు, మూడోసారి ఓడాడు. నాలుగోసారి గెలిచిన తేడా ఎంత స్వల్పమంటే, మళ్లీ లెక్కపెట్టినంతసేపూ ఆయన పక్కవాడి చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఆ పక్కవాడు ప్రత్యర్థి ఏజెంటని తర్వాత తెలిసింది. అయిదోసారి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఈ చరిత్రంతా ఫ్లెక్సీగా వేయించి సెంటర్లో పెడితే, పరిశీలకుడి కారు ఆగి మరీ చదువుకుని వస్తుందని బాపయ్య ఆలోచన. రాసే పని కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన త్యాగరాజు మాస్టారికి అప్పగించాడు. మాస్టారు అన్నీ ఉన్నవున్నట్టు రాసుకొచ్చారు.

"బావుందండి మాస్టారూ. కాని ఓడినవి ఎందుకు?" అన్నాడు బాపయ్య.

"అవీ జరిగాయి కదండి."

"జరిగినవన్నీ ఫ్లెక్సీ మీద వేసుకుంటామా ఏంటండి? తీసేయండి."

తీసేశాక పుట్టిన సంవత్సరం, సర్పంచి పదవి, రెండు గెలుపులు మిగిలాయి. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ బాపయ్యకి నచ్చలేదు. "చివర్లో కొంచెం బరువుగా ఒక మాట పడాలండి" అని, తనే చెప్పి రాయించాడు: "తూమాటిపాడు ఉన్నంతకాలం ప్రజల గుండెల్లో ఉంటారు."

ఇక ఫోటో. డ్రైవర్ ఆదాం, హాల్లో గోడకున్న పెద్ద ఫోటోనే సెల్లో తీసి ఫ్లెక్సీ షాపు కలీంకి పంపాడు. ఆ ఫోటోకి గంధపు దండ వేలాడుతూ ఉంటుంది. పోయినేడు మిర్చి వ్యాపారులు సన్మానం చేసి వేసిన దండ అది. ఇంటికి తెచ్చాక ఎక్కడ తగిలించాలో తెలియక బాపయ్య భార్య సుబ్బరావమ్మ దాన్ని ఫోటో ఉన్న మేకుకే వేసింది. "ఇంకో మేకు కొట్టండి" అని ఆమె అడగని పండగ లేదు. నియోజకవర్గంలో రోడ్లు అడిగినవాళ్లకి చెప్పిన జవాబే ఆయన ఆమెకీ చెప్పాడు. "చూద్దాంలే."

కలీం ఈ ఊరికి కొత్త. దండ ఉన్న ఫోటో చూశాడు, పుట్టిన సంవత్సరం చూశాడు, గుండెల్లో ఉంటారన్న మాట చూశాడు. ఇలాంటప్పుడు ఇంటివాళ్లని అదీ ఇదీ అడగడం మర్యాద కాదనుకుని, తన వంతుగా ఫోటో కింద ఒక దీపం కూడా వెలిగించి, తెల్లవారకముందే సెంటర్లో కట్టించి వెళ్లాడు.

టీ తాగడానికి వచ్చినవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారు.

"నిన్న సాయంత్రం కూడా చూశాను గదరా. మిరపకాయ బజ్జీ తింటున్నాడు."

"ఆ బజ్జీయే అయ్యుంటుంది."

ఎవరూ బాపయ్యకి ఫోన్ చేయలేదు. పోయిన మనిషికి ఫోన్ చేయాలని ఎవరికి తోస్తుంది? ఆయన భార్యకి చేయడానికి ఎవరికీ నోరు రాలేదు. షాపుల షట్టర్లు సగానికి దిగాయి. కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీలు మిర్చి బస్తాలు లారీలోనే వదిలేసి భుజాన తువ్వాళ్లు సర్దుకున్నారు.

పాలప్యాకెట్ కోసం వచ్చిన త్యాగరాజు మాస్టారు ఫ్లెక్సీ ముందు నిలబడిపోయారు. ప్రతి మాటా తను రాసిందే. అయినా ఆ దండ, దీపం చూసేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. మొన్ననగా రాయించుకున్నది ఇంతలోనే ఇలా అక్కరకొచ్చిందే అనుకున్నారు. ఓడినవి తీసేయడమే మంచిదయింది, పోయినవాడి ముందు అవెందుకు అని కూడా అనుకుని, అట్నుంచి అటే బాపయ్య ఇంటికి నడిచారు.

అప్పటికి ఆ ఇంటి ముందు టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలు దింపుతున్నారు. పెరట్లో తలనిండా రంగుతో, మెడకి పాత తువ్వాలుతో కూర్చున్న బాపయ్యకి ఆ చప్పుడు వినబడింది.

"ఆదాం బానే ఏర్పాటు చేశాడే. పరిశీలకుడు జనాన్ని చూడాలి మరి" అన్నాడు.

"ఇంతమందికి మజ్జిగ ఎవరు కలుపుతారండి?" అంటూ సుబ్బరావమ్మ వంటింట్లోకి వెళ్లింది.

జనం చెప్పులు బయట విడిచి, మాటామంతీ లేకుండా వచ్చి కూర్చుంటున్నారు. హాల్లో దండ వేసిన ఫోటో చూసి, ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అదీ పోయింది. ఎవరో ఆ ఫోటోని దించి వరండాలో స్టూలు మీద పెట్టి అగరొత్తులు వెలిగించారు. మజ్జిగ గ్లాసులతో వచ్చిన సుబ్బరావమ్మని నసీమున్నీసా అనే ఆవిడ పట్టుకుని భోరుమంది. ఇంతమంది ఇలా మొహాలు వేలాడేశారంటే టికెట్ లక్ష్మీకాంత్‌కి వెళ్లిపోయిందన్న కబురు వచ్చుంటుందని సుబ్బరావమ్మకి అనిపించింది.

"ఊరుకో నసీమా. పోతే పోయింది. ఎన్నాళ్లని పట్టుకుని వేలాడతాం? నేనైతే పోయినేడే అనుకున్నా."

వరండా అంతా ఆవిడ గుండె నిబ్బరానికి ఆశ్చర్యపోయింది.

"ఆయన్ని ఎక్కడుంచారమ్మా?" అని మాస్టారు మెల్లగా అడిగారు.

"పెరట్లో కూర్చోబెట్టామండి. స్నానం కానిచ్చి, తెల్లబట్టలు కట్టి తీసుకొస్తాం. మీరు మజ్జిగ తీసుకోండి" అని ఆవిడ ఇంకో బిందె కలపడానికి లోపలికి వెళ్లిపోయింది. చావింట్లో మజ్జిగ తాగవచ్చో లేదో తెలియక మాస్టారు గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. అందులో కరివేపాకు, అల్లం వేసి ఉన్నాయి. ఇంత దుఃఖంలోనూ అల్లం దంచిన మనిషికి ఆయన మనసులోనే దణ్ణం పెట్టారు.

పరిశీలకుడు ప్రద్యుమ్న కారు సెంటర్లో నిజంగానే ఆగింది. ఆయన ఫ్లెక్సీ అంతా చదివాడు. మూసిన షాపులు చూశాడు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి జనం వీధి మలుపు దాటి ఉన్నారు. బాపయ్య ఏ సభలోనూ ఇంతమందిని ఎవరూ చూడలేదు. వెంటనే పక్కకి వెళ్లి పార్టీ ఆఫీసుకి ఫోన్ కలిపాడు.

ఆయన వెనకే లక్ష్మీకాంత్ ఇద్దరు మనుషులు మోసే పూలదండతో వచ్చాడు. ఎమ్మెల్యే స్థాయి నాయకుడు పోతే టికెట్ ఆ ఇంటికే ఇవ్వడం, అడ్డుపడ్డవాడు జనం నోళ్లలో పడడం అతనికి తెలియనివి కావు. లోకల్ ఛానల్ మైకు కనబడగానే గొంతు సవరించుకున్నాడు.

"బాపయ్యగారు ఉన్నన్నాళ్లూ ఆయనతో పోటీపడ్డా. ఇవాళ అక్కయ్య ఇట్లా ఉండగా నేను టికెట్ అడిగితే మనిషినేనా? అక్కయ్యకే ఇవ్వండి. ఆయనంతటి నాయకుడు మళ్లీ పుట్టడు."

ఈ మాటలు హాలు వెనక కిటికీలోంచి పెరట్లోకి వినబడ్డాయి. వంటింట్లో అల్లం దంచుతున్న సుబ్బరావమ్మకి మాత్రం రోటి చప్పుడులో వినబడలేదు. బాపయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు. స్టూలు మీద తన ఫోటో, దండ, అగరొత్తులు. సంగతి అర్థమైంది. వెంటనే బయటికి పరుగెత్తవలసినవాడే. కాని లక్ష్మీకాంత్ నోటి నుంచి తన గురించి మంచిమాట వినడం అదే మొదటిసారి. ఇంకొక్కరు మాట్లాడాక వెళదామనుకున్నాడు.

తర్వాత నసీమున్నీసా లేచింది. "మా ఆయనకి గుండెనొప్పి వస్తే ఈ ఇంటికే వచ్చానండి. సారు మీటింగులో ఉన్నారు. అమ్మే గుంటూరు డాక్టరుకి ఫోన్ చేసి, కారిచ్చి పంపింది."

"పత్తి విత్తనాలు మొలవకపోతే వచ్చాం" అన్నాడొక రైతు. "సారు 'చూద్దాంలే' అన్నారు. అమ్మ ఆ కంపెనీవాడు పొలంలోకి దిగేదాకా ఫోన్ పెట్టలేదు."

కిటికీ దగ్గర బాపయ్యకి కాస్త ఇబ్బందిగా ఉంది. మాస్టారైనా తన సంగతి చెబుతారని చెవి ఒగ్గాడు.

"మా ఇంటావిడ పోయాక" అన్నారు మాస్టారు, "చాన్నాళ్లు ఈ ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. నాకు వెల్లుల్లి పడదు. గోంగూర పచ్చడి వెల్లుల్లి లేకుండా విడిగా చేసి పంపేవారు. నాకు పడదన్న సంగతి గుర్తుపెట్టుకుంది బాపయ్యగారని మాత్రం నేననుకోనండి."

అప్పుడు ప్రద్యుమ్న ఫోన్ జేబులో పెట్టుకుని వరండా మెట్టెక్కాడు. "పెద్దలు ఒప్పుకున్నారు. తూమాటిపాడుకి మన అభ్యర్థి సుబ్బరావమ్మగారు. టీవీలో కూడా వేశారు."

జనం చప్పట్లు కొట్టబోయి, ఎక్కడున్నామో గుర్తొచ్చి చేతులు దించేశారు.

వంటింటి తలుపు తెరుచుకుంది. నల్లరంగు చెవుల మీదుగా కారుతూ, మెడలో తువ్వాలుతో బాపయ్య బయటికొచ్చాడు. ముందు వరసలో కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.

"మీరు... ఉన్నారా?" అన్నాడు ప్రద్యుమ్న.

"ఉన్నానండి. ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నా."

"మరి ముందే రాలేదేం?"

బాపయ్య తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు. "ఆ టీవీవాళ్లకి చెప్పి పేరు మార్పించండి" అన్నాడు.

"ఎట్లా మార్పించేదండి? సొంత నాయకుడు ఉన్నాడో లేడో కూడా తెలియని పార్టీ అంటారు."

"మారిస్తే నేనూ అడుగుతానండి" అన్నాడు లక్ష్మీకాంత్, తెచ్చిన దండ ఎక్కడ పెట్టాలో తెలియక. "నేను తప్పుకుంది అక్కయ్య కోసం."

అప్పుడే రెండో బిందెతో వచ్చిన సుబ్బరావమ్మకి మాస్టారు జరిగిందంతా చెప్పారు. ఆవిడ స్టూలు మీది ఫోటోని చూసింది, మొగుణ్ణి చూసింది. అగరొత్తులు తీసి పూలకుండీలో గుచ్చింది.

"వద్దని చెప్పవే" అన్నాడు బాపయ్య. "నీకెందుకివన్నీ?"

సుబ్బరావమ్మ కొంగుతో ఆయన నుదుటి మీది రంగు తుడిచింది.

"కళ్లల్లోకి దిగుతోంది, ముందు కడుక్కురండి" అంది. తర్వాత ప్రద్యుమ్న వైపు తిరిగింది. "ఈయన నిలబడ్డ ప్రతిసారీ ఇల్లిల్లూ తిరిగింది నేనేనండి. దారులన్నీ తెలుసు. నిలబడతాను."

ఈసారి చప్పట్లు ఎవరూ ఆపుకోలేదు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆదాం. ఫోటో తీసింది ఎవరన్న ప్రశ్న ఆ చప్పుడులో ఎవరికీ గుర్తురాకపోవడం అతని అదృష్టం.

సాయంత్రం త్యాగరాజు మాస్టారు కొత్త ఫ్లెక్సీకి వివరాలు రాసుకోవడానికి వచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, "ఓడినవి కూడా వేయమంటారామ్మా?" అని అలవాటుగా అడిగారు.

"నేనెప్పుడు ఓడానండి మాస్టారూ?" అంది సుబ్బరావమ్మ.

మర్నాడు ఆవిడ ప్రచారానికి వెళ్లాక బాపయ్య సుత్తి వెతికి గోడకి రెండో మేకు కొట్టి, గంధపు దండని దాని మీదకి మార్చి, తాను ఇచ్చిన హామీల్లో పూర్తయినవాటి కింద దీన్ని కూడా చేర్చమని మాస్టారికి కబురు పంపాడు.