దొర కారు, దొరకని ఇంజను

"నేరస్థులు రెండే రకాలు ఖాజా. దొరికిపోయినోళ్లు, నా కంట్లో ఇంకా పడనోళ్లు. మూడో రకం ఈ భూమండలం మీద లేదు."

దేవదానం ఈ ప్రకటన చేసే సమయానికి మెకానిక్ ఖాజా పీర్ నంద్యాలలోని తన షెడ్డులో ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గేర్ ఆయిలు నుదుటి మీద బొట్టు బొట్టుగా పడుతోంది. లేచి పోవడానికి వీల్లేదు కాబట్టి విన్నాడు. పద్దెనిమిదేళ్ల స్నేహంలో అతను దేవదానం మాటలు ఎక్కువగా ఇలాంటి స్థితిలోనే విన్నాడు.

దేవదానం బడి ఉన్న రోజుల్లో ప్రాథమిక పాఠశాల అయ్యవారు, బడి లేని రోజుల్లో అపరాధ పరిశోధకుడు. ఇంటి గోడకు "ఎంతటి గూఢ రహస్యమైనను ఛేదించబడును" అని బోర్డు పెట్టించాడు. దాని కిందనే ఆయన భార్య లూదియా "రవికెలు కుట్టబడును" అని ఇంకో బోర్డు తగిలించింది. వచ్చేవాళ్లందరూ కింది బోర్డు చదివి వచ్చేవాళ్లే. పై బోర్డు చూసి వచ్చింది ఇప్పటిదాకా ఒక్క మదార్‌బీ. ఆమె కోడిపెట్ట పోయింది. దేవదానం మూడు రోజులు దర్యాప్తు చేసి, అనుమానితుని ఇంట్లోనే భోంచేసి, కూర చాలా బాగుందని మెచ్చుకుని, ఆధారాలు లేవని కేసు మూసేశాడు.

"దేవదానం, రేపు నాతో ఆళ్లగడ్డకు వస్తావా?" అని లారీ కింద నుంచి ఖాజా అడిగాడు.

"హత్యా?"

"కారు."

అది 1979, వేసవి సెలవులు. ఆ కారు సంగతి ఖాజాకు పదిహేనో ఏటి నుంచి తెలుసు. సర్వే పని మీద వచ్చిన ఒక ఇంగ్లీషు దొర తెచ్చుకున్న ఎర్ర కారు అది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, సైకిలుకు ఉన్నట్టు పుల్లల చక్రాలు. నంద్యాల రోడ్డు మీద అది పోతుంటే ఎద్దులు కూడా తల తిప్పి చూసేవి. దొర దేశం విడిచి పోతూ దాన్ని డ్రైవర్ సంజీవయ్యకు రాసిచ్చి పోయాడు. ఖాజా చేతికి మొదటిసారి స్పానర్ ఇచ్చింది ఆ సంజీవయ్యే. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఆయన భార్య మణెమ్మ, కారు అమ్ముతున్నానని, కొనేవాళ్లుంటే చెప్పమని కబురు పంపింది. ఖాజా ఎవరికీ చెప్పలేదు. తనే కొనాలనుకున్నాడు.

చిక్కల్లా అక్కడే ఉంది. పాత బండిని మనసుపడ్డవాడు ఒంటరిగా చూడకూడదని అతను ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాడు. మనసుపడ్డ కంటికి తుప్పు కూడా రంగులాగే కనిపిస్తుంది. కాబట్టి ఆ కారు మీద ఏ మమకారమూ లేని మనిషి ఒకడు పక్కన ఉండాలి. దేవదానానికి కారంటే ఏమిటో కూడా తెలియదు. ఇంతకంటే నిష్పక్షపాతి నంద్యాలలో దొరకడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సు దిగి మణెమ్మ ఇంటికి చేరారు. ఆమె రేకుల షెడ్డు తలుపు తీసింది. "చూసుకో ఖాజా. ఆయప్ప పోయినాక నెలకొకతూరి స్టార్టు చేయిస్తాండా, అంతే. ఈ సారు ఎవురు?"

"అయ్యవారు అక్కా. సాయం వచ్చినాడు."

దేవదానం చేతులు వెనక్కి కట్టుకుని, "ప్రస్తుతానికి అంతే అనుకోండి" అన్నాడు. మణెమ్మ అంతే అనుకుని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఖాజా ముందుగా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. అమ్మేవాళ్లు ముందే ఇంజను వేడి చేసి ఉంచితే, చల్లగా ఉన్నప్పుడు బయటపడే రోగాలు బయటపడవు. మణెమ్మ అలాంటి మనిషి కాదు.

"సల్లగుంది. మంచిది."

"సల్లగుందా?" దేవదానం గొంతు తగ్గించాడు. "అంటే జరిగి చానాసేపయింది."

ఖాజా వినిపించుకోలేదు. జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి తలుపు అంచుల వెంట జరుపుకుంటూ పోయాడు. అన్నిచోట్లా పట్టుకుంటున్న అయస్కాంతం వెనక చక్రం పైన జారి కింద పడింది. అక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది. మోకాళ్ల మీద కూర్చుని తనలో తాను గొణుక్కున్నాడు. "ఈడ బాడీకి దెబ్బ తగిలిండాది. లప్పం పూసి దాచినారు."

దేవదానం నోటుబుక్కు తీశాడు. 'బాడీ దొరికినది. దెబ్బ కలదు. దాచిరి.'

ఖాజా తలుపులు తెరిచి మూసి సందులు సమంగా ఉన్నాయా చూశాడు. కాళ్ల కింద పట్టా ఎత్తాడు. అడుగు రేకు మీద ఎర్రగోధుమ రంగు మరకలు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టాడు. ఒకచోట ఖంగుమంది, ఒకచోట పొట్టు రాలింది. టాపు చినిగి వాన నీళ్లు దిగినచోటల్లా తుప్పు.

"ఎండిపోయి చానా ఏండ్లయింది," అన్నాడు దేవదానం మరకల మీదికి వంగి. వేలితో తాకి వాసన కూడా చూశాడు. "మనిషిదే."

"తుప్పప్పా."

"నువ్వు అట్లనే అనుకో. నీకు నిద్రన్నా పడుతుంది."

ఖాజా బానెట్ ఎత్తాడు. ఆయిలు పుల్ల తీసి చూశాడు. నల్లగా ఉంది కానీ తెల్లటి నురగ లేదు. అంటే ఆయిల్లో నీళ్లు కలవలేదు. అది అదృష్టమే. ఇంజను స్టార్టు చేస్తూ దేవదానాన్ని కారు వెనక నిలబడి పొగ ఏ రంగులో వస్తుందో చెప్పమన్నాడు.

"ఏ రంగప్పా?"

"అనుమానాస్పదమైన రంగు!"

ఖాజా దిగి వచ్చి తనే చూసుకున్నాడు. నీలిపొగ. ఇంజను ఆయిలు తాగుతోంది. కారును బస్టాండు దాకా తీసుకుపోయి వచ్చాడు. రెండో గేరు పడేటప్పుడు గరగరమంటోంది, బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది. ఆపి, ఇంజను పక్కన తల పెట్టి విన్నాడు. మనసు కొంచెం కుంగింది. సంజీవయ్య చేతిలో ఉన్న బండికి ఇంత రోగం ఎట్లా వచ్చింది?

"రింగులు పోయినాయి," అన్నాడు బాధగా.

"ఉంగరాలా! ఎన్ని?"

"నాలుగింటికీ పోయినట్టే. హెడ్డు కూడా ఒకతూరి ఎవురో తీసినారు. సైలెన్సర్ మాత్రం కొత్తది బిగించినారు."

దేవదానం పెన్సిలు ఆగింది. ఆయన ముఖంలోకి ఒక భయంకరమైన వెలుగు వచ్చింది. "సైలెన్సరు. అందుకే ఊర్లో ఎవురికీ శబ్దం వినపడలేదు."

ఖాజా మణెమ్మ ఇచ్చిన ఆర్సీ పుస్తకం తెరిచాడు. "షాసీ నంబరు కలిసింది."

"సాక్షి నంబరా? ఎంతమంది ఉండారు?"

ఖాజా ఇంజను పక్కన గుడ్డతో తుడిచి, పుస్తకంలో చూశాడు. మళ్లీ తుడిచి, మళ్లీ చూశాడు. పుస్తకంలో నంబరు 4417తో ముగుస్తోంది. ఇంజను మీద 9062. అదే కంపెనీ ఇంజను, చూడటానికి అదే అచ్చు. కానీ అది దొర ఇంజను కాదు.

"ఇంజను మార్చినారు," అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడే మణెమ్మ కాఫీతో వచ్చింది. దేవదానం షెడ్డు వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, ఆట ముగిసింది. దొర దేశం పోలేదు. ఈ కారులోనే ఆయన తల తీసి, నాలుగు ఉంగరాలు దోచుకుని, బాడీకి లప్పం పూసి దాచినారు. ఇంజను కూడా మార్చినారు. చేసింది నీ పెనిమిటి సంజీవయ్య!"

మణెమ్మ కాఫీ గ్లాసులు గోడ మీద పెట్టింది. లోపలికి పోయి ఒక కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మొన్నటి క్రిస్మసుకు దొర పంపిన కార్డు. కింద సంతకం ఉంది.

దేవదానం దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. "చచ్చినోడు ఇంత చక్కగా రాయడం మామూలుగా జరగదు," అని ఒప్పుకున్నాడు. "సరే, హత్య వదిలేద్దాం. ఇంజను?"

ఆమె ఖాజా వైపు తిరిగింది. "ఇంజను మార్చినారనేది నిజమేనా?"

"నిజమే అక్కా. నంబరు కలవలేదు."

"అంటే ఆయప్ప అసలుది అమ్ముకున్నాడంటాండావా? దొర నమ్మి ఇచ్చిన బండిని?" ఆమె గొంతు లేవలేదు. లేచి ఉంటే ఖాజాకు కొంచెం నయంగా ఉండేది. "ఆ సంగతి తేలేదాకా ఈ బండి ఈడనుంచి కదలదు. నువ్వు కొనద్దు, నేను అమ్మను. నా మొగుని మీద మాట పెట్టుకోని నాకు దుడ్లెందుకు?"

ఖాజా తల వంచుకున్నాడు. తన పని తాను సరిగ్గా చేశాడు. దానివల్ల గురువు దొంగయ్యాడు.

దేవదానానికి ఇలాంటి బరువులు తెలియవు. ఆయన వీధి వైపు చూస్తున్నాడు. ఒక పెద్దావిడ తల మీద గుడ్డ కప్పిన గిన్నె పెట్టుకుని, షెడ్డు వైపు ఒక చూపు చూసి, గబగబా నడిచిపోతోంది. "చూస్తివా? మనల్ని చూసి బేగా పోతాండాది. ఆ గుడ్డ కింద గుండ్రంగా ఏముంది?"

"జొన్నలుంటాయి. గమ్మున ఉండు."

"అట్లనే అనుకో." దేవదానం భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. ఆయన మారువేషం అదే. కొసలు రెండు మూరలు వెనక వేలాడుతున్నాయి. గోడ నుంచి గోడకు, కరెంటు స్తంభం నుంచి కరెంటు స్తంభానికి నక్కుతూ ఆమె వెంట పోయాడు. నాలుగో స్తంభం దగ్గర ఆమె ఆగి, "ఏం కావాల నాయనా?" అని అడిగింది. "దారిన పోతాండా," అన్నాడాయన, స్తంభం వెనక నుంచే.

ఆమె వీధి చివర శేషయ్య పిండిమిషన్లోకి పోయింది. దేవదానం కూడా దూరాడు. లోపల ధూళి, చప్పుడు, చేతుల్లో గిన్నెలతో ఏడెనిమిది మంది ఆడవాళ్లు. ఆయన ఎవరి కంటా పడకుండా గోడవారగా నక్కుదామని వెనక్కి జరిగాడు. గోడలోంచి వచ్చి మిషన్ను తిప్పే పెద్ద బెల్టు అక్కడే ఉంది. తువ్వాలు కొస దాన్ని అందుకుంది. తువ్వాలు పోయింది, దాని వెంట దేవదానం రెండు గజాలు పోయాడు, తర్వాత తువ్వాలు చినిగి ఆయన పిండి తొట్టిలో తలకిందులుగా పడ్డాడు. చినిగిన గుడ్డ బెల్టుకు చుట్టుకుని మిషన్ ఊగిపోసాగింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు.

కేకలు మణెమ్మ ఇంటి దాకా వినిపించాయి. ఖాజా చేతిలో ఆర్సీ పుస్తకంతోనే పరుగెత్తాడు, వెనక మణెమ్మ. దేవదానం కాళ్లు గాలిలో ఆడుతున్నాయి కాబట్టి ప్రాణం ఉందని అర్థమైంది. ముందు ఇంజను ఆపాలి. ఖాజా గోడ అవతలి గదిలోకి దూకాడు. శేషయ్య, "ఆడికి పోవద్దప్పా, నేను ఆపుతా!" అని అరుస్తూ అడ్డం వచ్చాడు. ఖాజా ఆయన్ని తోసుకుని పోయి ఇంజను ఆపాడు.

చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో నీళ్ల డ్రమ్ముకు గొట్టాలు తగిలించి, కిరసనాయిలుతో నడిపిస్తున్న ఇంజను ఉంది. నాలుగు సిలిండర్లు. ఖాజా చొక్కా అంచుతో దాని పక్కన పేరుకున్న పిండినీ జిడ్డునూ తుడిచాడు. 4417.

"శేషయ్యా," అంది మణెమ్మ వాకిట్లో నుంచి. ఆమె చదువుకున్న మనిషి, అంకెలు చూసింది.

శేషయ్య పిండి బస్తా మీద కూలబడ్డాడు. "డెబ్బై రెండు కరువులో నా మోటరు కాలిపోయింది వదినా. కరెంటు కూడా యాడుంది? జనం జొన్నలు పట్టుకోని తిరుగుతాండారు. సంజీవయ్యన్న కర్నూలులో పాత సామాన్లోళ్ల దగ్గర అదే కంపెనీ వ్యాను ఇంజనొకటి తెచ్చినాడు. అది పొగ పోస్తాది, గదంతా మసి, పిండి నల్లగయిపోయింది. అన్న చూసినాడు. జనం తినే పిండికి మంచి ఇంజను కావాల, నేను తిరిగే కారుకు ఇది చాల్లే అని, దాన్ని దీన్ని మార్చినాడు. వానలు పడేదాకా ఉంచుకోమన్నాడు."

"ఏడేండ్లయింది కదయ్యా!"

"పడిన వాన పడినట్టు లేదు కదా వదినా." ఆయన తల గోక్కున్నాడు. "అన్న పోయినాక చెబుదామనుకున్నా. చెప్తే మిషన్ ఆగిపోతాదని భయమైంది."

"మల్ల ఆయప్ప నాకెందుకు చెప్పలేదు?"

"దొర బండి ఇంజను పెరికినానని తెలిస్తే మణెమ్మ అన్నం పెట్టదన్నాడు."

మణెమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "పెట్టేదాన్ని కాదు," అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడేండ్లు నెత్తిన గిన్నె పెట్టుకోని వచ్చి ఈడనే పిండి ఆడించుకుంటి. గోడకవతల ఇదుండాదని నాకేం తెలుసు?"

ఇద్దరాడవాళ్లు దేవదానాన్ని తొట్టిలోంచి నిలువుగా తీశారు. కళ్లు తప్ప అంతా తెల్లగా ఉన్నాడు. దేవదానం ఖాజా పక్కకు వచ్చి ఇంజను వైపు చూశాడు. ఒకసారి తుమ్మాడు.

"ఇదంతా నాకు ముందే తెలుసు," అన్నాడు. "నిర్ధారణ కోసం తొట్టిలో దూకినా."

ఖాజా ఆ మాట వినలేదు. పదిహేనో ఏట రోడ్డు పక్కన నిలబడి విన్న చప్పుడు ఈ ఇంజనుదే. గంటలో విప్పేయొచ్చు. మధ్యాహ్నానికి కారులో బిగించొచ్చు. శేషయ్య అడ్డం చెప్పడు, చెప్పలేడు. వాకిట్లో ఆడవాళ్లు గిన్నెలు చంకన పెట్టుకుని అతని వైపే చూస్తున్నారు.

అతను బెల్టుకు చుట్టుకున్న తువ్వాలు ముక్కలు కోసి తీశాడు. బెల్టు సరిచేశాడు. ఇంజనులో ఆయిలు తగ్గిందని శేషయ్యను కసిరి, పోయించి, మళ్లీ స్టార్టు చేశాడు. అది ఒక్క తిప్పుకే అందుకుంది. నిలబడి కాసేపు విన్నాడు.

"ఇంజను వద్దా నీకు?" అంది మణెమ్మ.

"ఈడ బానే ఉంది అక్కా. కారు అట్లనే తీసుకుంటా. రింగులు నేను వేసుకుంటా, ఇంజను నంబరు పుస్తకంలో మార్పించుకుంటా. నువ్వొక సంతకం పెట్టు."

సాయంత్రం కారు బయటికి తీశాడు. మణెమ్మ గేటు దగ్గర నిలబడి, "ఆయప్ప పోయినాక ఆ సీట్లో కూచోలేదు ఖాజా. శిరివెళ్ల దాకా వస్తా, ఆడనుంచి బస్సులో తిరిగొస్తా," అంది. రెండే సీట్లు కాబట్టి దేవదానాన్ని నంద్యాల బస్సెక్కించారు. కండక్టర్ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, పిండికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాడు.

టాపు మడిచి, నీలిపొగ వదులుతూ కారు మెల్లగా పోతోంది. బ్రేకు ఎడమకు లాగుతుందని ఖాజా తొందరపడటం లేదు. మణెమ్మ ముసుగు గాలికి ఎగురుతుంటే పట్టుకోవడం మానేసింది. శిరివెళ్లకు ఇవతల వెనక హారను మోగింది. బస్సు దాటుకుని పోతోంది. కిటికీలో ఒక తెల్లటి ముఖం ఈ పొగ వైపు, ఈ ఎర్ర కారు వైపు, అందులో ఉన్న ఇద్దరి వైపు చాలా అనుమానంగా చూస్తోంది. ఖాజా చెయ్యెత్తి ఊపాడు. ఆ ముఖం గబుక్కున కిందికి వంగి, నోటుబుక్కు తీసి, కారు నంబరు రాసుకుంది.