డబ్బాకి ఏమీ కాలేదు

తప్పు చెప్పే డబ్బా ఒకటి ప్రతి ఇంటికీ ఉండాలని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి. పూర్తిగా చదివాక కామెంట్ పెట్టండి.

మామూలు డబ్బా కాదు సుమా! మా బావ పనిచేసే రసాయనాల ఫ్యాక్టరీలో పైపుల మీద వాల్వులుంటాయి. వాల్వు లోపలి తలుపు బయటికి కనిపించదు కదా, అది తెరిచుందో మూసుందో చెప్పడానికి దాని నెత్తిన ఈ డబ్బా బిగిస్తారు. మూతకున్న గాజు కిటికీలో పచ్చరంగు కనిపిస్తే తెరిచున్నట్టు, ఎరుపు కనిపిస్తే మూసున్నట్టు. అక్కడి గాలిలో మండే ఆవిర్లుంటాయి కాబట్టి డబ్బాని మందపాటి లోహంతో చేస్తారు. లోపల నిప్పురవ్వ పుట్టి ఢామ్మన్నా మంట బయటికి రాదు. అత్తారింట్లో కడుపు మండిపోతున్నా మొహాన చిరునవ్వు చెరగనివ్వని కొత్తల్లుడిలాగన్నమాట. ఇంత నిగ్రహం మనలో ఎవరికుందండీ?

ఇక మా బావ సంగతి.

ఓసారి పంపు పక్కనున్న వాల్వు డబ్బాకి రంగులేశారు. రంగులేసినాయన మూత విప్పి, మళ్ళీ పెట్టేటప్పుడు ఓ పక్కకి తిప్పి బిగించేశాడు. కిటికీ జరిగిపోయింది. అప్పట్నుంచీ వాల్వు తెరిస్తే ఎరుపు, మూస్తే పచ్చ.

బావకి గుండెల్లో రాయి పడింది. వాల్వు మూసుండగా పంపు వేస్తే లోపలి ద్రవానికి పోయే దారుండదు, పైపు పగులుతుంది. పంపు స్విచ్ దగ్గర నిలబడేది బావే.

"మూత సరిగ్గా తిప్పిద్దాం, ఎంతసేపు పని" అన్నాడు ఫోర్‌మన్‌తో.

"విప్పితే గ్యారంటీ పోతుంది పెద్దాయనా. పేలినా చెక్కుచెదరని డబ్బా అది. మన చేతుల్లో చెదిరితే మాట పడేదెవరు?"

"మరి నేను చెదిరితే?"

"మీకేంటి, గుండ్రాయిలా ఉన్నారు. ఎరుపుంటే తెరిచున్నట్టు అనుకోండి. బుర్రకి కాస్త వ్యాయామం."

చూశారా, ఎంత ముందుచూపు! మనం బుర్రకి పదును పెట్టాలని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతాం. బావ వాళ్ళకి కంపెనీయే ఆ ఏర్పాటు చేసింది. పైగా షిఫ్ట్ మొత్తం ఒకే అబద్ధానికి కట్టుబడి ఒక్క మాట మీదుండేవారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం అదే. మన ఇళ్ళలో నిజం మీదైనా నలుగురు ఒక మాట మీదుంటారా?

బావకి ఎంత ఒంటబట్టిందంటే, సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే బండి ఆపేసి, ఎర్రలైటు చూసి దూసుకుపోయేవాడు. మా అక్క ఆయన బండెక్కడం మానేసింది. అంతెందుకు, అక్క మొహం ఎర్రబడితే దారి తెరిచుందనుకుని ఇంకో మాట అనేవాడు.

ఇలా సుఖంగా సాగుతుంటే పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సేఫ్టీ ఆఫీసరు హడావుడిగా కొత్త డబ్బా తెప్పించాడు. పాతదానికన్నా మందం, పాతదానికన్నా మెరుపు. మూత కూడా సరిగ్గా ఉంది. అందర్నీ పిలిచి, "ఇకనుంచి పచ్చంటే పచ్చే, ఎరుపంటే ఎరుపే" అని ప్రకటించాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్ళూ తిరగేసి చదివాం సార్. చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. అలవాటు తప్పేదాకా నా పక్కన ఇంకో మనిషిని నిలబెట్టండి. ఇద్దరం చూసుకుని పంపు వేస్తాం."

"ఇంత మంచి డబ్బా ఉండగా ఇంకో మనిషెందుకండీ? దాని మీద నమ్మకం లేదా?"

"డబ్బా మీద ఉంది సార్. నా మీదే లేదు."

ఫోర్‌మన్ మధ్యలో కలగజేసుకున్నాడు. "పోనీ దీని మూత కూడా తిప్పి బిగించేద్దామా సార్? అందరికీ అలవాటైన పద్ధతి."

ఆఫీసరు కాసేపు నిజంగానే ఆలోచించాడు. అధికారులు వచ్చే టైమయిందని వదిలేశాడు. ఇంకో మనిషి మాట కూడా దాంతోపాటే వదిలేశాడు.

తర్వాతేమైందో మీరు ఊహించే ఉంటారు. బావ డబ్బా వైపు చూశాడు. ఎరుపు. 'తెరిచే ఉంది' అనుకున్నాడు, చెయ్యి స్విచ్ నొక్కేసింది. 'అయ్యో, ఇది కొత్త డబ్బా కదా' అని బుర్రకి తట్టేలోపు పైపు అతుకు తెగి, ద్రవం వచ్చి రొమ్ము మీద తన్నింది. బావ వెళ్ళి కాలవలో వెల్లకిలా పడ్డాడు. భుజం ఎముక విరిగింది. అదృష్టం, నిప్పు మాత్రం అంటుకోలేదు.

అందరూ పరిగెత్తుకొచ్చారు. "ఏమైనా అయిందా?" అని ఎవరో ఆదుర్దాగా అరిచారు.

"భుజం" అన్నాడు బావ, కాలవలోంచి.

ఆ అడిగింది డబ్బా గురించట. సేఫ్టీ ఆఫీసరు జేబురుమాలు తీసి గాజు తుడిచాడు. ఓ గీత లేదు, సొట్ట లేదు. అంత గొడవలోనూ అది ఎరుపే చూపిస్తోంది. ఎంత నిజాయితీ! "డబ్బాకి ఏమీ కాలేదు" అని ఆయన ప్రకటించగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఎవరో బావని కూడా లేపారు.

మర్నాడు ఆఫీసరు పళ్ళు పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. మంచి మనిషి, ఆ మాట అనుకోవాలి. మంచం పక్కన కూర్చుని, బావకి ధైర్యం చెప్పడానికి ఫోన్లో డబ్బా ఫోటో చూపించాడు. "చూడండి, అంత దెబ్బకీ నిక్షేపంగా ఉంది."

అక్క ఆ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది.

"ఇందులో మనిషి పట్టే సైజు దొరుకుతుందా అండీ?" అనడిగింది.

ఆయన కూడా నాలాగే సీరియస్ మనిషి. కళ్ళజోడు సర్దుకుని ఆలోచించాడు.

"చెయ్యడం కష్టమేం కాదమ్మా. మనిషి కోసం ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే."