మా మామగారు పడవలసిన గురువారం

ఇకమీదట నగరంలో ఏ ప్రమాదమూ ప్రభుత్వానికి ముందుగా తెలియకుండా జరగదని పురపాలక మంత్రిగారు సోమవారం ప్రకటించారు. కంపెనీ అధిపతులకు ఇచ్చే డేటా ఎనలిటిక్స్ నాయకత్వ శిక్షణను మూడు రోజులపాటు, భోజన విరామాలతో సహా పూర్తిచేసిన ఏకైక మంత్రి ఆయన. సమర్థుడైన నాయకుడు మనుషులు చెప్పేది వినకూడదు, డేటా చెప్పేది వినాలని అక్కడ నేర్పారట. అందులో మొదటి సగం ఆయనకు ముందే వచ్చు.

మంగళవారం డేటా అధికారి చంకలో ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి వచ్చాడు. మా వీధి మొదట్లో మ్యాన్‌హోల్‌కు మూత లేదని నేను పెట్టుకున్న పదకొండు అర్జీలనూ కంప్యూటర్‌కు ఎక్కించారని, వాటికి వీధిలోవాళ్ల వయసు, చూపు, నడిచే వేళలు కలిపి ఒక మోడల్ తయారుచేశారని చెప్పాడు. నా అర్జీలను అంత శ్రద్ధగా చదివినవాళ్లు అంతకుముందు లేరు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను.

కాఫీ తాగి, "గురువారం పొద్దున ఆరున్నరకి మీ మామగారు అందులో పడతారండీ. తొంభై మూడు శాతం ఖాయం," అన్నాడు.

మా మామగారు, అంటే మా ఆవిడ తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్బై ఎనిమిదేళ్లు, ఒక కన్ను మసక, చేతిలో కర్ర. రోజూ ఆరున్నరకు పేపరు తెచ్చుకోవడానికి ఆ దారినే వెళ్తారు. తొంభై మూడు ఎలా వచ్చిందో స్టెప్పులు చూపించమని ఆయన అధికారిని అడిగారు. నేను మాత్రం ముందు మూత వేయించమన్నాను.

"మూత ఇంజనీరింగ్ వాళ్లదండీ. ముందుగా తెలుసుకోవడం వరకే మాది."

బుధవారం నేనే ఒక చెక్క తెచ్చి గోతిమీద పరిచాను. గంట తిరక్కుండా అధికారి వచ్చి దాన్ని జీపులో వేసుకుపోయాడు. డేటాను తారుమారు చేయడం నేరమట.

గురువారం తెల్లారేసరికి గోతి పక్కన టెంటు వెలిసింది. కుర్చీలు, మైకు, కెమెరాలు, స్ట్రెచర్ దింపి సిద్ధంగా ఉంచిన అంబులెన్సు. ఎక్కడైనా మనిషి పడ్డాక ప్రభుత్వం వస్తుందని, తామైతే మనిషి పడకముందే వచ్చామని మంత్రిగారు ఉపన్యసించారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆరున్నరకు మామగారు మెట్లు దిగారు. చెయ్యి పట్టుకోబోతే ఇద్దరు గుమాస్తాలు నన్ను మర్యాదగా పక్కకు లాగి, సహజంగా జరగనివ్వమన్నారు. కెమెరాలన్నీ గోతివైపు తిరిగాయి. మామగారు అక్కడిదాకా వచ్చి, దారికి అడ్డంగా కుర్చీలు వేసినవాళ్లను విసుక్కుంటూ టెంటు అవతలినుంచి చుట్టు తిరిగి వెళ్లారు. పేపరు తీసుకుని అలాగే చుట్టు తిరిగి వచ్చారు.

అధికారి ముఖాన నెత్తురుచుక్క లేదు. నాయకుడన్నవాడు బయటపడేది ఇలాంటప్పుడే. మంత్రిగారు క్షణం కూడా తడుముకోకుండా వెళ్లి మామగారిని కౌగిలించుకున్నారు. డేటా కాపాడిన మొదటి ప్రాణం ఇదేనని మైకులో చెప్పారు. ముందే సిద్ధం చేసిన సర్టిఫికెట్‌లో 'పడినవారు' అన్నది కొట్టేసి, 'రక్షింపబడినవారు' అని స్వహస్తాలతో రాసిచ్చారు. మామగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయనకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సందు చూసుకుని నేను మూత సంగతి ఎత్తాను. మంత్రిగారు నా భుజం తట్టారు.

"మూత వేసేస్తే రేపు మా మోడల్ దేన్ని కనిపెడుతుందయ్యా?"

శుక్రవారం మామగారు పేపర్లో తన ఫొటో చూసుకోవాలన్న ఆత్రంతో అరగంట ముందే లేచి, నన్ను లేపకుండా వెళ్లారు. టెంటు లేదు, కుర్చీలు లేవు. కేక విని పరిగెత్తేసరికి గోతి అడుగున కూర్చుని ఉన్నారు. కాలు తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. పేపరు మాత్రం తడవకుండా తలమీద పట్టుకున్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఎత్తబోతే నా వల్ల కాలేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి పేరు, ఇంటి నంబరు చెప్పాను.

"ఆయన నిన్ననే సేవ్ అయ్యారు కదండీ," అంది ఫోనెత్తిన అమ్మాయి.

"గోతిలో ఉన్నారమ్మా. కాలు విరిగింది."

"ఇవాళ్టి లిస్టులో లేరండీ. ఇవాళ పక్క వార్డులో ఒక పెద్దావిడ ఉన్నారు, ఎనిమిదింటికి. బండి అక్కడే ఉంది. ఆవిడ పడగానే ఎక్కించుకుని, దారిలో మీవాళ్లని కూడా ఎక్కించుకుంటాం. పడకపోతే మాత్రం సన్మానం ఉంటుంది కదండీ, కాస్త ఆలస్యమవుతుంది."

గోతిలోంచి మామగారు బండి ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ముఖమైనా తెలియని ఆ పెద్దావిడ తొందరగా పడాలని నేను మనసారా కోరుకున్నాను.