అలలు లేచిన గోడ

డాట్‌కామ్ జోరు మీదున్న ఆ రోజుల్లో సింగపూర్‌లో ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాడితో చెయ్యి కలిపితే మొదటి ప్రశ్న "జావానా, ఒరాకిలా?" అని ఉండేది. సుధాకరరావు మాత్రం "రేకులండీ" అనేవాడు. అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుని, కోర్సు ఎక్కడ చెబుతున్నారని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. చుట్టలుగా వచ్చే ఉక్కు రేకును వరసగా పేర్చిన రోలర్ల మధ్య నుంచి పోనిచ్చి, గోడలకు తొడిగే ప్యానెళ్ళుగా మలచడం ఆ ఫ్యాక్టరీ పని. భార్య అరుంధతి మాత్రం అసలైన సాఫ్ట్‌వేర్ మనిషి. తంజోంగ్ పగార్‌లో కొత్త ఆఫీసు తెరుస్తున్న అబ్దుల్ ఖాదిర్ కంపెనీలో మేనేజరు. ఆ కంపెనీ ఏం అమ్ముతుందో ఇంకా తేలలేదు గానీ, రిసెప్షన్ గోడ మాత్రం అద్దంలా మెరిసిపోవాలని తేలిపోయింది. "మా ఆయన చేయిస్తారు సార్" అని అరుంధతి మాటిచ్చేసింది. రేకుల భర్తను గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకునే అవకాశం ఆమెకు అదే మొదటిసారి. ఆ సంగతి సుధాకరరావుకు తెలుసు. అందుకే భయం.

ప్రారంభోత్సవం నాటి ఉదయం యీషున్‌లోని ఫ్లాట్‌లో ఇడ్లీ తింటూ ఆయన ఆ రోజు చేయాల్సింది మనసులోనే నెమరు వేసుకున్నాడు. ముందురోజు బసవయ్య ప్యానెళ్ళు బిగించాక నడిమి ప్యానెల్లో సన్నటి అల కనబడింది. నూనె డబ్బా అడుగును బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి, వదిలితే టక్కుమని పైకి వస్తుందే, అచ్చం అలాంటి ఉబ్బు. అందుకే ఆ తెగులుకు వాళ్ళ వృత్తిలో 'ఆయిల్ కానింగ్' అని పేరు. రేకు బలానికి ఏ లోటూ లేదు, చూపుకే ఇబ్బంది. తొందరగా వెళ్ళి స్క్రూలు కాస్త వదులు చేయాలి. వెనక ఫ్రేము ఎగుడుదిగుడుగా ఉన్నచోట పలచటి ముక్కలు దోపాలి. పక్కనుంచి గోడను రాసుకుంటూ పడే లైట్లు వేయనివ్వకూడదు. అతిథులు వచ్చేసరికి అల అణిగిపోతుంది.

అరుంధతి పొద్దున్నే వెళ్ళిపోయింది. కూతురు ప్రణవి ఒక కాలికే బూటు వేసుకుని, రెండోది ఎక్కడుందో నాన్నే వెతకాలన్నట్టు సోఫాలో కూర్చుంది. చివరికి అది ఫ్రిజ్ వెనక దొరికింది. "డాడీ, యూ సో స్లో లా!" అని తనే విసుక్కుంది. ఆ పిల్లను బడిలో దింపి సుధాకరరావు రైలెక్కేసరికి ఆలస్యం కానే అయింది.

రైలు బిషాన్ దాటుతుండగా ఫోను మోగింది.

"ఏవండీ, గోడ వంకరగా ఉందని కమరున్నీసా ఆంటీ అంటున్నారు. ఏం చేయమంటారు?" అరుంధతి కంగారుగా అడిగింది. కమరున్నీసా ఖాదిర్ భార్య. ఆమె వేలెత్తి చూపిందంటే ఆయన చూసినట్టే.

"కంగారు పడకు. అది ఆయిల్ కానింగ్. బసవయ్య చేత స్క్రూలు లూజు చేయించు. పక్క లైట్లు వేయనీకు!"

రైలు సొరంగంలోకి దిగింది. ఫోను గరగరలాడింది. "ఆఁ, ఆఁ, అర్థమైంది" అన్న మాట ఒక్కటి వినబడి లైను తెగిపోయింది. అమ్మయ్య అనుకుని సుధాకరరావు కళ్ళు మూసుకున్నాడు. రాఫెల్స్ ప్లేస్‌లో రైలు మారేటప్పుడు ఈల కూడా వేశాడు.

ఆఫీసు తలుపు తోసి ఆయన నిలబడిపోయాడు. గోడ సముద్రంలా ఉంది. నిన్న ఒక్క అల. ఇప్పుడు కెరటం వెనక కెరటం.

"ఏవండీ, మీరు చెప్పినవన్నీ చేయించాను" అంది అరుంధతి ఎదురొచ్చి. "గోడ మీద ఆయిల్ అన్నారుగా, మొత్తం తుడిపించి పాలిష్ పెట్టించాను. స్క్రూలు లూజుగా ఉన్నాయన్నారుగా, బసవయ్య చేత గట్టిగా బిగింపించాను. పక్క లైట్లు వేయమన్నారుగా, వేయించాను."

సగం కోడు చూసి తక్కిన సగం ఊహించడమే ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఆమెకు మంచి పేరు కూడా ఉంది.

"బిగించీసినాను సార్" అన్నాడు బసవయ్య నుదుటి చెమట తుడుచుకుంటూ. ప్యానెళ్ళు బిగించే ఆ శ్రీకాకుళం మనిషికి ఏ పనైనా నిండు మనసుతో చేయడం అలవాటు. "ఇంక ఏనుగొచ్చి గుద్దినా కదల్దు."

స్క్రూల తలలు అరిగి నున్నగా అయిపోయాయి. ఇప్పుడు వాటిని విప్పాలంటే డ్రిల్లు వేయాల్సిందే. బిగించిన కొద్దీ రేకుకు అటూ ఇటూ జరిగే చోటు పోయి నడుమ ఉబ్బింది. పాలిష్ ఆ ఉబ్బును మెరిపించింది. లైట్లు దాన్ని ఊరంతటికీ చూపిస్తున్నాయి. సుధాకరరావు జరిగింది మెల్లగా చెప్పేసరికి అరుంధతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే చెడగొట్టానన్నమాట."

"నువ్వు విన్నది విన్నట్టు చేశావు. తప్పు సొరంగానిది" అన్నాడాయన. "ఏడవకు. ముందు దీన్ని కప్పేద్దాం."

మీటింగు గదికి తెచ్చిన ఎర్ర పరదా ఒకటి మూటగా పడి ఉంది. ముగ్గురూ కలిసి దాన్ని గోడకు వేలాడదీశారు. జారిపోకుండా బసవయ్య పైన ఒక తాడు కూడా కట్టాడు. పక్కకు ఒక కొస వేలాడింది.

అంతలో లిఫ్టు తెరుచుకుంది. బ్యాంకు నుంచి వచ్చిన అతిథులను వెంటబెట్టుకుని ఖాదిర్ దిగాడు. భారీ మనిషి, నవ్వితే పొట్ట కూడా కలిసి నవ్వుతుంది. ఎర్ర పరదానూ, వేలాడే తాడునూ చూసి ఆగిపోయాడు.

"అరే మియా! పరదా సుత పెట్టిన్రా? నాకు చెప్పనే లేదు!"

"అది కాదు సాబ్, ఆ గోడ కొంచెం..."

"సర్‌ప్రైజ్, సమజ్ అయింది!" అని ఆయన సుధాకరరావు వీపు చరిచాడు. "బేగం, ఇట్ల రా. నువ్వే గుంజాలె."

అరుంధతి ఏదో చెప్పబోయింది గానీ అప్పటికే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఫోటోగ్రాఫరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "టీవీవాళ్ళను పిలవాల్సింది" అన్నాడు బ్యాంకు నుంచి వచ్చిన పెద్దమనిషి. సుధాకరరావు తాడుకు అడ్డంగా నిలబడితే, ఫోటోలో పడాలని ఉత్సాహపడుతున్నాడనుకుని ఆయనను ముందు వరసలోకి తీసుకొచ్చారు. కమరున్నీసా బిస్మిల్లా అని తాడు లాగింది.

పరదా జారింది. అరుంధతి భర్త చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని వదలలేదు.

ఖాదిర్ గోడ వైపు రెండడుగులు వేశాడు. సరిగ్గా నడిమి ఉబ్బు ఎదురుగా ఆగాడు. అందులోంచి సన్నగా, పొడుగ్గా, నడుము ఉన్న మనిషి ఒకడు ఆయనకేసి చూస్తున్నాడు. ఖాదిర్ చెయ్యి ఎత్తాడు. వాడూ ఎత్తాడు.

"అల్లా!" అంది కమరున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "నిఖా ఫోటోల గిట్లనే ఉంటిరి గదా!"

ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆమె కూడా సన్నబడింది. ఇద్దరూ గోడలోకి చూస్తూ, వెనక అంతమంది ఉన్నారన్న సంగతే మరిచిపోయారు. ఆ తరువాత అతిథులు వరస కట్టారు. బ్యాంకు పెద్దమనిషి కోటు బొత్తాలు పెట్టుకుని మరీ ఫోటో దిగాడు.

ఆ సందడిలో గప్‌చుప్‌గా ఊరుకుంటే సరిపోయేది. సుధాకరరావుకు మనసొప్పలేదు.

"సాబ్, అది లోపం" అన్నాడు ఖాదిర్ దగ్గరికి వెళ్ళి. "రేకు చుట్టలోనే అంచుల దగ్గర ఒకలా, నడుమ ఒకలా సాగి వచ్చింది. దానికి తోడు ప్యానెల్ వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. ఫ్రేము ఎగుడుదిగుడు. ఆపైన మేం గట్టిగా బిగించేశాం. అన్నీ సరిచేసి కొత్తవి వేస్తాను."

"గిది లోపమా!" ఖాదిర్ గోడ మీంచి కళ్ళు తిప్పలేదు. "మీరు ఉత్తగ పరేషాన్ అయితున్నరు మియా."

అయినా సుధాకరరావు మాట తప్పలేదు. లాగి చదును చేసిన రేకు తెప్పించి, మందం పెంచి, వెడల్పు తగ్గించి, ఉబ్బు రాకుండా ప్రతి ప్యానెల్‌కూ సన్నటి గాడులు వేయించాడు. ఫ్రేమును మట్టం పెట్టి సరిచేశాడు. బసవయ్య స్క్రూలు బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి "చాలు, చాలు" అన్నాడు. కొత్త గోడ చెరువు నీళ్ళలా నిశ్చలంగా వచ్చింది. తన ఉద్యోగంలో అంత చదునైన గోడ చూడలేదనిపించి, అరుంధతిని పిలిచి మరీ చూపించాడు.

"ఎంత బాగుందండీ" అంది ఆమె. ఈసారి నిజంగానే గర్వపడింది.

మర్నాడు ఖాదిర్ నుంచి ఫోను వచ్చింది. గొంతు చాలా బాధగా ఉంది.

"మియా, కొత్త గోడల లోపం ఉన్నది."

"ఏం లోపం సాబ్?"

"నేను ఇప్పటి లెక్కనే కనబడ్తున్న."

సుధాకరరావు ఆ సాయంత్రమే పాత ప్యానెళ్ళను గోదాంలోంచి తీయించి మళ్ళీ గోడకెక్కించాడు. వదులుగా ఉండాల్సినవన్నీ బసవయ్య చేత నిండు మనసుతో బిగింపించాడు. పాలిష్ పెట్టించాడు, పక్క లైట్లు వేయించాడు, కమరున్నీసాను కూడా పిలిపించాడు.

అల మళ్ళీ లేచింది. కాకపోతే వేరేచోట, గోడ అడుగున లేచింది, అందులో సన్నగా కనబడింది నేల మీది పూలకుండీ ఒక్కటే.