పదమూడో తూముకు అధ్యక్షులు

సింధనూరు తాలూకాలో తుంగభద్ర కాలువ మీద ఉన్న పదమూడో తూము నీటి సంఘం ప్రజాస్వామ్యానికి పెట్టింది పేరు. అక్కడ అధ్యక్ష పదవికి వేళ తప్పకుండా ఎన్నిక జరుగుతుంది. వేళ తప్పకుండా శ్రీరాములు గారే ఎన్నికవుతారు. ఎన్నిక మానేస్తే ఆయన నొచ్చుకుంటారని రైతులూ, రైతులు నొచ్చుకుంటారని ఆయనా ఎవరూ మానలేదు.

శ్రీరాములు గారు తెనాలి వైపు నుంచి వచ్చి, తూముకు ఆనుకుని పొలం కొన్నారు. తూము తలుపు తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. నీళ్ళు ముందు ఆయన పొలం తడిపి, తర్వాత ఆయన బంధువుల పొలాలు తడిపి, ఓపిక మిగిలితే కిందికి వెళ్తాయి. కాలువ చివరికి వచ్చేసరికి వాటికి ఓపిక మిగలదు. ఇందులో ఎవరి తప్పూ లేదని సంఘం ఎన్నోసార్లు తీర్మానించింది.

ఆ చివర రెండు పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి హనుమాయమ్మది. భర్తతో గుంటూరు జిల్లా నుంచి వచ్చి, ఆయన పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న మనిషి. రెండోది మారెప్పది. ఆ నేల మీదే పుట్టినవాడు. కాలువ రాకముందు జొన్న పండించి తిన్నాడు. కాలువ వచ్చాక నలుగురితో పాటు వరికి మారి ఆకాశం వంక చూస్తున్నాడు. ఆ ఏడు ఈనే వేళకు ఇద్దరి వరీ ఎండిపోయింది. హనుమాయమ్మ గట్టు మీద కూర్చుని ఒక కంకి అరచేతిలో నలిపి ఊదింది. చేతిలో ఏమీ మిగల్లేదు. ఏడవలేదు. ఈసారి అధ్యక్ష పదవికి తనే నిలబడతానని మర్నాడు ప్రకటించింది.

సంఘం ఈ ప్రకటనను హర్షించింది. హర్షించి సర్వసభ్య సమావేశం పిలిచింది. శ్రీరాములు గారు గద్గద స్వరంతో ప్రసంగించారు.

"స్త్రీ అంటే నాకు దేవత. చీకట్లో, బురదలో, పాముల మధ్య తూము దగ్గరికి దేవతను పంపమంటారా? నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను. అధ్యక్షుడు పురుషుడై ఉండాలని నిబంధన మార్చుకుందాం."

చీకట్లో తూము దగ్గరికి ఆయన కూడా ఏనాడూ వెళ్ళలేదు. అయినా చేతులు లేచాయి. అందరికంటే ముందు మారెప్ప చెయ్యి లేచింది. హనుమాయమ్మ మీద అతనికి కోపమేమీ లేదు. ఆమె తప్పుకుంటే చివరి పొలాల తరఫున తను నిలబడవచ్చనుకున్నాడు. ఆమె మాత్రం ఆ చేతిని చూసి తల తిప్పుకుంది.

మారెప్ప నిలబడ్డాడు. సంఘం మళ్ళీ హర్షించింది. ఈసారి సవరణ చదువును గురించి. అధ్యక్షుడికి తెలుగు గాని కన్నడం గాని చదవటం రావాలి.

"నాకు సదువొస్తది," అన్నాడు మారెప్ప. "నిజాం జమానాల నాలుగో తరగతి దాంక ఉర్దూల సదివిన."

"ఉర్దూ నవాబుల భాష," అన్నారు శ్రీరాములు గారు. "దాన్ని నీళ్ళ తగాదాల్లోకి లాగటం మర్యాద కాదు."

చేతులు లేచాయి. వెనక వరసలో హనుమాయమ్మ చెయ్యి కూడా లేచింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే కాలువ గట్టు మీద ఇళ్ళకు పోవలసి వచ్చింది.

"కోపమొచ్చిందా మారెప్పా?"

"కోపమేంది అమ్మా? నేనెత్తితి, నువ్వెత్తితివి. బరాబర్ అయింది."

"మనిద్దరికీ సరిపోయింది. నీళ్ళే రాలేదు," అంది హనుమాయమ్మ.

అవి భూపరిమితి చట్టం రోజులు. పెద్ద రైతులంతా పొలాలు భార్యల పేరనా అల్లుళ్ళ పేరనా రాసేసి, ఉన్నట్టుండి నిరుపేదలైపోయారు. తర్వాతి సమావేశానికి ఆ చట్టం అమలు చూసే అధికారి ముఖ్య అతిథిగా వచ్చాడు. పూలదండలయ్యాక హనుమాయమ్మ లేచింది.

"నాదీ ఒక సవరణండీ. అధ్యక్షుడికి సొంత పేరున పొలం ఉండాలి. పొలం లేనోడికి నీటి కష్టం ఏం తెలుస్తుంది? మన శ్రీరాములు గారు తమ పేరున ఎంత ఉందో చెప్పి అందరికీ దారి చూపాలి."

అధికారి కళ్ళజోడు సర్దుకుని ఆసక్తిగా చూశాడు. శ్రీరాములు గారు కండువాతో మెడ తుడుచుకున్నారు.

"నా పేరున సెంటు భూమి లేదు. అంతా మా ఆవిడది, అల్లుళ్ళది. నేను కేవలం సేవకుణ్ణి."

అధికారి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కనుక అందరూ కొట్టారు. ఆ ఊపులో సవరణ ఏకగ్రీవంగా నెగ్గి, శ్రీరాములు గారి అర్హతే పోయింది. ఇక మిగిలినవాళ్ళలో అర్హత ఉన్నవాడికి ధైర్యం లేదు, ధైర్యం ఉన్నవాడికి అర్హత లేదు.

సేవకుణ్ణి అలా వదిలేయటం సంఘానికి మనసొప్పలేదు. వెంటనే మరో సమావేశం పిలిచారు. స్త్రీజాతి అభ్యున్నతి లేనిదే వరి పండదని శ్రీరాములు గారు అందులో సోదాహరణంగా వివరించారు. ఆడవాళ్ళను చూస్తే పాములు వాటంతటవే తప్పుకుంటాయట. పురుష నిబంధన ఎగిరిపోయింది. ఆయన భార్య శివపార్వతమ్మ అభ్యర్థి అయింది. ఆ సంగతి ఆవిడకు మర్నాడు ఆయనకు అన్నం వడ్డిస్తుంటే తెలిసింది.

"నాకెందుకండీ ఇదంతా?" అందావిడ.

"నీకు కాదు, దేశానికి. పెరుగు వెయ్యి," అన్నారు ఆయన.

తలుపు తెరిచాక ఒకరికే దారి ఇవ్వటం కుదరదు గనుక హనుమాయమ్మ కూడా నిలబడింది. పదమూడో తూము చరిత్రలో మొదటిసారి నిజమైన పోటీ వచ్చింది. దాంతో మరొక వింత కూడా జరిగింది. ఎన్నికకు ముందు కాలువ చివరికి నీళ్ళొచ్చాయి. మారెప్ప మడిలో చీలమండల దాకా దిగి అలాగే నిలబడిపోయాడు. అతని భార్య నింగవ్వ దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుంది. హనుమాయమ్మ నారు పోయించి, గెలిచినట్టే అనుకుంది.

రహస్యంగా ఓటేస్తే మనుషులు అబద్ధాలాడతారని సంఘానికి భయం. అందుకని చేతులెత్తించారు. శివపార్వతమ్మకు లేచిన చేతులతో పందిరి చీకటి పడింది. హనుమాయమ్మకు ఆమె చెయ్యి ఒక్కటే లేచింది. కొత్త అధ్యక్షురాలి మెడలో దండ వాడకముందే కాలువ చివర నీళ్ళు ఆగిపోయాయి.

నీళ్ళు లేక నారు ఎండుతుండగా చివరి పొలాల రైతులంతా మారెప్పను ముందు పెట్టుకుని హనుమాయమ్మ ఇంటికి వచ్చారు. క్షమించమనటానికి వచ్చారనుకుంది ఆమె. మనసు కరిగింది. అందరికీ మజ్జిగ ఇచ్చింది.

"అమ్మా, ఎన్నిక మళ్ళ పెట్టమని అడుగుతం," అన్నాడు మారెప్ప. "నువ్వు మళ్ళ నిలబడాలె. కాదనొద్దు."

హనుమాయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నిలబడతాను. ఈసారన్నా నాకు ఓటేస్తారా?"

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మారెప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"గదెట్లయితదమ్మా? అందరం నీకేస్తే నువ్వు గెలుస్తవు. నువ్వు గెలిస్తే ఓట్ల కోసం మాకు నీళ్ళెవరిడుస్తరు?"