అల్లుడు ఊడ్చిన మగ్గం

గురువారం పొద్దున సీతారాములు పెట్టుకున్న పని చాలా చిన్నది. మామ సంత నుంచి వచ్చేలోపు మగ్గం చుట్టూ శుభ్రంగా ఊడ్చి, ఆయన చేత శెభాష్ అనిపించుకోవాలి. ఆ శెభాష్ అతనికి చాలా అవసరం. పాలమూరులో అతను పనిచేసే దుకాణం మూతబడి మూడు నెలలైంది. అక్కడ కిరాయి గదిలో భార్య రాజమణికి ఏడో నెల. మామ ఊరు కోస్గిలో కొత్తగా పెట్టబోయే చేనేత సంఘానికి సూపర్‌వైజర్ కావాలట, కానీ మగ్గం తెలిసినవాడికే కొలువట. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ మామ మగ్గం దగ్గరికే వచ్చి కళ్లముందు జానెడు బట్ట నేయించి చూస్తాడు. సీతారాములు తాత పేరున్న నేతగాడే. మనవడికి మాత్రం బట్ట గురించి తెలిసిందల్లా కట్టుకోవడమే.

అందుకే వారం రోజులుగా మామ గండయ్య దగ్గర శిష్యరికం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవాలి. చెక్క తొక్కాలి, పేక నూలు మోసే నాడె విసరాలి, పలక దగ్గరికి గుంజి కొట్టాలి. అంతే. ఈ మూడింటినీ వరస తప్పకుండా చేయడానికి సీతారాములుకు నాలుగు రోజులు పట్టింది. కుడికాలు తొక్కాల్సిన చోట ఎడమకాలు తొక్కేవాడు. నాడె అవతలికి చేరకుండా గుంటలోకి దూకేది.

"ముందుగాల కాలుకు చెప్పు అల్లుడా, చెయ్యి దాన్ని జూసి నేర్సుకుంటది," అనేవాడు గండయ్య.

"రెండింటికీ చెప్తున్న మామా, ఒక్కటి గూడ ఇంటలేదు."

"పెండ్లినాడు ఏడడుగులు గూడ గిట్లనే ఏసిండు," అనేది అత్త ఉప్పలమ్మ, కండెలు చుడుతూ.

ఆరో రోజుకు బట్ట బట్టలాగే వచ్చింది. బుధవారం చీర పూర్తయితే కోసి మడతపెట్టారు. గురువారం పొద్దున్నే నూలు కోసం సంతకు పోతూ గండయ్య, "కొత్త పడుగు నేనొచ్చినంక అతుకుదం. అప్పటిదాంక జర మగ్గం కాడ ఊడ్చిపెట్టు," అన్నాడు. ఉప్పలమ్మ బట్టల మూట ఎత్తుకొని వాగుకు పోయింది.

సీతారాములు ఊడ్చాడు. ఊడ్చి తలెత్తితే, కోసిన చీర తాలూకు పాత పోగులు దువ్వెనలాంటి అచ్చు నిండా మూరెడు పొడవున వేలాడుతూ కనిపించాయి. నేల అంత శుభ్రం చేసి వీటిని వదిలేయడం అతనికి నచ్చలేదు. ఒక్కటి కూడా మిగలకుండా అచ్చులోంచి గుంజి, ఉండచుట్టి పెంటలో పారేశాడు.

తీరా కొత్త పడుగును చేతిలోకి తీసుకున్నాక మామ మొదటిరోజు చెప్పిన ముక్క గుర్తుకొచ్చింది. పాత పోగు కొసకు బూడిద అద్ది, కొత్త పోగును మెలిపెట్టి అతకాలి. పాతది దారి చూపిస్తే కొత్తది దాని వెంట అచ్చులోకి పోతుంది. ఇప్పుడు దారి చూపేవి లేవు. రెండువేల పోగులు. ఒక్కొక్కదాన్ని సన్నని కంటిలోంచి దూర్చాలి. ఇద్దరు కూర్చుంటే రెండు రోజుల పని, పరీక్ష చూస్తే రేపు. కొలువు పోయింది, మామ దగ్గర పరువూ పోయింది. కనీసం కంటికి కనబడకుండా ఉంటే చాలని, పెట్టెలోంచి తెల్ల దుప్పటి తీసి మగ్గం మీద కప్పి, గడపలో తల పట్టుకు కూర్చున్నాడు.

ఆ వాడలో పనిదినాన మగ్గం మీద తెల్లబట్ట కప్పారంటే ఒకటే అర్థం. ఆ మగ్గం నేసేవాడు ఇక లేడు. నిప్పు కోసం వచ్చిన పక్కింటి హనుమమ్మ దుప్పటిని చూసింది, అల్లుడి ముఖం చూసింది, కొంగు నోట్లో కుక్కుకొని వెనుదిరిగింది. చావు జరిగిన ఇంట్లో ఏమైందని ఎవరు మాత్రం అడుగుతారు? ముందు ఆమె ఇంటి మగ్గం ఆగింది. తర్వాత ఆ పక్కది. శవం లేచేదాకా ఎవరూ నేయకూడదన్నది వాడ కట్టు. చూస్తుండగానే నలభై మగ్గాలు ఆగి, నేతగాళ్లంతా వచ్చి సీతారాములు చుట్టూ కూర్చున్నారు.

తన నిర్వాకం ఇంత తొందరగా పాకిందా అని సీతారాములుకు సిగ్గు ముంచుకొచ్చింది.

"తప్పు నాదే. నా చేతులతోనే జేసిన," అన్నాడు.

"నీ చేతుల్ల ఏముంది బిడ్డా, రాత గట్ల రాసి ఉన్నది," అన్నాడు వాడ పెద్ద లచ్చయ్య.

"రేపటికల్ల అయితదా పెద్దయ్యా?"

"రేపటిదాంక ఎందుకు? ఇంతమందిమి ఉన్నం. పొద్దుగూకకముందే కానిద్దం, ఫికర్ జెయ్యకు."

ఆ మంచితనానికి సీతారాములు కళ్లు చెమర్చాయి. ఆ కన్నీళ్లు చూసి ఆడవాళ్లు శోకం ఎత్తుకున్నారు. అంతలో తడిబట్టల మూటతో ఉప్పలమ్మ వచ్చింది. హనుమమ్మ ఆమె మెడ పట్టుకొని ఘొల్లుమంది. ఉప్పలమ్మ మూట వదిలేసి తానూ అందుకుంది. ఎవరు పోయారో ఆమెకు తెలియదు. ముందు ఏడ్చి తర్వాత అడగడం మర్యాద.

శుక్రవారం రావలసిన ఇన్‌స్పెక్టర్, బస్సు దొరికిందని గురువారమే దిగాడు. ఏడుస్తున్న జనాన్ని చూసి టోపీ తీసి ఓ మూల నిలబడ్డాడు. ఆయన వెనకే నూలు మూట మోసుకుంటూ గండయ్య వచ్చాడు.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు గండయ్య.

శోకం ఆగిపోయింది. అందరూ లచ్చయ్య వైపు చూశారు. పెద్దరికం ఇలాంటప్పుడే కష్టం.

"నువ్వే," అన్నాడు లచ్చయ్య.

గండయ్య కాసేపు ఆలోచించి, "నాకెవ్వలు చెప్పలే," అన్నాడు.

"అయితే గింతసేపు నేనేడ్చింది నీకా?" అంది ఉప్పలమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

సీతారాములు లేచి దుప్పటి గుంజేశాడు. జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. గండయ్య ఖాళీ అచ్చును వేళ్లతో తడిమి చూసి చతికిలబడ్డాడు.

"నిజంగ పోయినా బాగుండు," అన్నాడు.

"ఇగ ఏడుపు చాలు. అల్లునికి మాటిచ్చినం గద, కూసోండ్రి," అన్నాడు లచ్చయ్య. ఎలాగూ ఆపిన మగ్గం ఆ రోజుకు మళ్లీ ఆడించరు. ఇద్దరు పోగు అందిస్తే ఇద్దరు దూర్చారు. అలసినవాళ్లు లేస్తే ఇంకో నలుగురు కూర్చున్నారు. మిగిలినవాళ్లు సలహాలిచ్చారు.

ఇన్‌స్పెక్టర్ అది చూస్తూ చూస్తూ సంచిలోంచి కాగితాలు తీశాడు. పనిలో పనిగా సంఘం సంగతి వివరించాడు. చీకటి పడేసరికి పడుగు ఎక్కింది, సభ్యత్వ కాగితాల మీద నలభైమంది వేలిముద్రలూ పడ్డాయి.

"సార్, రేపు నా పరీక్ష..." అని నసిగాడు సీతారాములు.

"మూడేండ్ల సంది మీటింగుకు రమ్మని తిరుగుతున్న. మగ్గం ఇడిసి నలుగురు గూడ రాలే. నేసేటోళ్లు ఈడ మస్తుమంది ఉన్నరు. వాళ్లను లేపేటోడు కావాలె నాకు," అంటూ ఇన్‌స్పెక్టర్ అతని పేరు రాసుకున్నాడు.

ఆ రాత్రి ఉప్పలమ్మ కొలువొచ్చిన అల్లుడికి దిష్టి తీసింది. గండయ్య మగ్గానికి తీశాడు.